పాత అంబాసిడర్ కొంటున్న మేనల్లుడికి మామయ్య ఉత్తరం

విజయవాడ

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటోలన్నీ పెద్దవి చేసి మరీ చూశాను. బండి తెగ మెరుస్తోంది. నాకు నచ్చనిది అదే. 1972 మోడల్ అంబాసిడర్ ఇవాళ అంతలా మెరుస్తోందంటే, అమ్మేవాడు డబ్బంతా రంగు మీద పెట్టాడన్నమాట. ఎక్కడ పెట్టలేదో మనం వెతుక్కోవాలి. ఇన్ని ఫొటోల్లో బండి కింద పడుకుని తీసింది ఒక్కటి కూడా లేదు. అడ్వాన్సు అప్పుడే ఇచ్చెయ్యకు.

ఇంకో సంగతి. 1972 బండి అంటే మార్క్ టూ. దానికి ముందు గ్రిల్లు చిన్నచిన్న గళ్లతో ఉండాలి. నీ ఫొటోలో అడ్డపట్టీల గ్రిల్లు ఉంది. అది 1975లో వచ్చిన మార్క్ త్రీది. ఎప్పుడో గుద్దేసి ముందుభాగం మార్చి ఉండొచ్చు, లేదా కాగితం ఒక బండిది, బాడీ ఇంకో బండిది అయినా అయ్యుండొచ్చు. అడిగితే ఏదో ఒకటి చెబుతాడు. విను, కానీ చాసిస్ నంబరు, ఇంజను నంబరు నీ కళ్లతో చూసి ఆర్‌సీతో పోల్చుకునేదాకా నమ్మకు.

ఆర్‌సీలో ఇంధనం గడి కూడా చూడు. పెట్రోలు మండిపోతోందని ట్యాక్సీవాళ్లు చాలామంది ఈ బండ్లకి డీజిల్ ఇంజన్లు ఎక్కించేశారు. తర్వాత ఎవరో మళ్లీ పెట్రోలుకి మార్చి ఉంటారు. ఈ మార్పులన్నీ కాగితం మీదికి ఎక్కి ఉండవు. నీ బండికి ఉండాల్సింది 1489 సీసీ పెట్రోలు ఇంజను. ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ బండిని తీసుకుని హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు బెంగాల్లోని ఉత్తరపాడాలో తయారుచేశారు కదా, ఆ ఇంజనే చాలా ఏళ్లు నడిచింది. 2014 దాకా అంబాసిడర్లు వస్తూనే ఉన్నాయి కాబట్టి ఇంజను సామాను, బ్రేకు సామాను దొరుకుతాయి. కలకత్తా మల్లిక్ బజార్లో దొరకనిది తక్కువ. లేత్ మీద చేయించుకోవాల్సిన బుష్షులైతే మన ఆటోనగర్లో పొద్దున ఇచ్చి సాయంత్రం తెచ్చుకోవచ్చు. దొరకనివి వేరే ఉన్నాయి: మార్క్ టూ గ్రిల్లు, టెయిల్ ల్యాంపుల అద్దాలు, బ్యాడ్జీలు, లోపలి మీటర్లు, తలుపు హ్యాండిళ్లు. అందుకే నా లెక్కలో ఇంజను చచ్చిపోయి సామానంతా ఉన్న బండి, ఇంజను బాగుండి సామాను పోయిన బండి కంటే మేలు.

సరే, చూడ్డానికి వెళ్తావు కదా, ఒక అయస్కాంతం, పలచటి గుడ్డ, స్క్రూడ్రైవరు, టార్చిలైటు తీసుకెళ్లు. అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి తలుపుల కింది అంచులు, చక్రాల పైన వంపులు, డిక్కీ అడుగు అంతా తడుము. రేకు ఉన్నచోట పట్టుకుంటుంది, లప్పం ఉన్నచోట జారిపోతుంది. లప్పం ఉండటం తప్పు కాదు, అరచెయ్యంత ఉంటే టింకరింగు పనే అనుకోవచ్చు. మూరెడు ఉంటే దాని కింద రేకే లేదు. తర్వాత లోపల కార్పెట్టు ఎత్తించు. ఎత్తనంటే అక్కణ్ణించే వెనక్కి వచ్చెయ్. ఈ బండికి లారీకి ఉన్నట్టు విడిగా చాసిస్ ఉండదురా, బాడీయే చాసిస్. ఫ్లోరు తుప్పు పట్టిందంటే వెన్నెముక పోయినట్టే. ముందు చక్రాల బరువు మోసేవి టార్షన్ బార్లు. అవి వెనక్కి వచ్చి ముందు సీట్ల కింది అడ్డబీమ్‌లో బిగుస్తాయి. అక్కడా, వెనక కమాన్లు వేలాడే హ్యాంగర్ల దగ్గరా స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడువు. టంగుమంటే మంచిది. లోపలికి దిగబడితే రేటు సగానికి అడుగు, లేదా వదిలెయ్. అమ్మేవాడికి కోపం వస్తే రానీ.

ఇంజను చూడాలంటే పొద్దున్నే వెళ్లు, వస్తున్నట్టు చెప్పకు. ముందే స్టార్ట్ చేసి వేడిచేసి ఉంచిన ఇంజను ఏ జబ్బూ చెప్పదు. బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూడు. ఆయిలు కడ్డీ తీస్తే ఆయిలు పాలు కలిపిన టీ రంగులో ఉంటే అందులో నీళ్లు కలిశాయని. స్టార్ట్ చేశాక నీలం పొగ ఆగకుండా వస్తుంటే సిలిండర్లు అరిగి ఇంజను బోరుకొచ్చిందని. నల్ల పొగ అయితే కార్బురేటర్ సంగతి, దానికి భయపడక్కర్లేదు. ఇంజను బాగా వేడెక్కాక, ఐడిల్లో ఆయిల్ ప్రెషర్ ముల్లు ఎక్కడ నిలుస్తోందో చూడు. చల్లగా ఉన్నప్పుడు అందరికీ బాగానే చూపిస్తుంది.

కొన్నావే అనుకో. నడుపుకుంటూ ఇంటికి తీసుకురాకు, లారీ మీద ఎక్కించు. ఎందుకంటే ఆ కాలం అంబాసిడర్‌కి బ్రేకు లైను ఒక్కటే. నాలుగు డ్రమ్ములకీ ఒకే మాస్టర్ సిలిండరు, ఒకే సర్క్యూటు. ఏ ఒక్క చక్రం దగ్గర రబ్బరు కప్పు చినిగి ఫ్లూయిడ్ కారినా పెడల్ నేలకి ఆనుతుంది, ఏ చక్రమూ ఆగదు. ఏళ్లతరబడి షెడ్డులో ఉన్న బండికి ఆ రబ్బర్లు చూడ్డానికి బాగానే ఉంటాయి, నాలుగు సార్లు గట్టిగా తొక్కితే తెగుతాయి. కాబట్టి మొదటి ఖర్చు బ్రేకులకే. మాస్టర్ సిలిండరు, నాలుగు చక్రాల వీల్ సిలిండర్లు, గొట్టాలు కొత్తవి వేయించు. ఫ్లూయిడ్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది, అందుకని రెండేళ్లకోసారి మొత్తం తీసి పోయించాలి. హ్యాండ్ బ్రేకు కూడా విడిగా పనిచేస్తోందో లేదో చూడు, రేపు ఏదైనా అయితే నీకు మిగిలేది అదొక్కటే.

తర్వాత టైర్లు. గంట్లు లోతుగా ఉన్నాయని సంబరపడకు. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 2311 అని ఉంటే అది 2011లో 23వ వారంలో చేసిన టైరు. దాన్ని పడెయ్.

పెట్రోలు సంగతి ఇప్పుడు మా రోజుల్లాగా లేదు. బంకులో పోసేదాంట్లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. పాత రబ్బరు పైపులు, పంపులోని డయాఫ్రమ్, కార్క్ గాస్కెట్లు దానికి మెత్తబడి ఊడిపోతాయి. పైగా ట్యాంకులో ఏళ్ల నుంచి పేరుకున్న మష్టంతా కదిలొచ్చి ఫిల్టర్లో అడ్డుపడుతుంది. ఇథనాల్‌ని తట్టుకునే పైపులు అడిగి మరీ వేయించు. బండిని నెలలు నెలలు కదపకుండా ఉంచేపనైతే ఈ పెట్రోలు ట్యాంకులో అలాగే వదిలెయ్యకు. అది నీళ్లు పట్టి ట్యాంకు తుప్పు పడుతుంది. ఇంకొకటి, 2000 నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే కదా. పాత హెడ్డులోని వాల్వు సీట్లు సీసం ఉన్న పెట్రోలుకి చేసినవి. నెమ్మదిగా తిరిగే బండికి వెంటనే ప్రమాదమేం లేదు. కానీ ఏ కారణం చేతనైనా హెడ్డు దించినప్పుడు గట్టి సీట్లు వేయించెయ్.

ఇవన్నీ అయ్యాక వైరింగు చూపించు, బ్యాటరీకి కటాఫ్ స్విచ్చి పెట్టించు. ఆ పాత తీగలతో కాలిపోయిన బండ్లు ఉన్నాయి. రంగూ, సీటు కవర్లూ, క్రోమియం మెరుగులూ వీటన్నిటి తర్వాతే. నీకు తొందరగా ఉంటుందని తెలుసు, కొత్త రంగు వేసిన బండి ముందు నిలబడి ఫొటో తీసుకోవాలని ఉంటుంది. కానీ రంగు ముందు వేస్తే, తర్వాత వెల్డింగు చేసే ప్రతిచోటా దాన్ని కాల్చుకోవాల్సిందే.

మెకానిక్కు విషయంలో కంప్యూటర్ పెట్టి చూసేవాడి దగ్గరికి పోకు, పెట్టడానికి ఈ బండిలో కంప్యూటర్ లేదు. కార్బురేటర్ విప్పి కడిగిన చేతులున్న పెద్దాయన్ని వెతుక్కో. ఆయన చేస్తుంటే పక్కన కూచో, కొన్ని పనులు నువ్వే నేర్చుకో. ట్యాపెట్లు, అంటే వాల్వుల దగ్గరి గ్యాపు, సెట్ చెయ్యడం అందులో మొదటిది. ఇంజను చల్లారాక పైమూత తీస్తే ఎనిమిది వాల్వులు వరసగా కనిపిస్తాయి. ముందు నుంచి ఒకటి, రెండు అని లెక్కపెట్టుకో. ప్లగ్గులు విప్పేసి ఇంజన్ని ముందు నుంచి దూర్చే హ్యాండిల్‌తో మెల్లగా తిప్పు. ఎనిమిదో వాల్వు పూర్తిగా కిందికి నొక్కుకున్నప్పుడు ఒకటోదాని గ్యాపు చూడాలి. ఆరోది నొక్కుకున్నప్పుడు మూడోది. రెండూ కూడితే ఎప్పుడూ తొమ్మిదే రావాలి, అదే లెక్క. 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ) మందమున్న ఫీలర్ బ్లేడు దూర్చి లాగితే కాస్త పట్టు తగలాలి, ఇరుక్కోకూడదు. నట్టు బిగించేటప్పుడు స్క్రూ కదులుతుంది, అందుకని బిగించాక మళ్లీ బ్లేడు పెట్టి చూడు. డిస్ట్రిబ్యూటర్లో కరెంటు కలిపి తెంచే సీబీ పాయింట్ల గ్యాపుకి కూడా అదే బ్లేడు సరిపోతుంది. ప్లగ్గులకి మాత్రం 25 థౌ.

హ్యాండిల్ అన్నాను కదా. సెల్ఫ్ పనిచెయ్యనప్పుడు దాంతో స్టార్ట్ చెయ్యడానికి ఎప్పుడో ఒకప్పుడు సరదా పడతావు. బండి న్యూట్రల్లో, హ్యాండ్ బ్రేకు మీద ఉండాలి. బొటనవేలు హ్యాండిల్ చుట్టూ తిప్పి పట్టుకోకు, మిగతా నాలుగు వేళ్ల పక్కనే పెట్టు. కింది నుంచి పైకి లాగాలి, పై నుంచి కిందికి తొయ్యకూడదు. ఇంజను ఎదురు తంతే మణికట్టు విరుగుతుంది, తమాషా కాదు.

నడపడం గురించి ఎక్కువ చెప్పను, నీకు డ్రైవింగు వచ్చు. స్టీరింగు పక్కనుండే గేరుకి రెండు రోజుల్లో చెయ్యి అలవాటవుతుంది. గేర్లని సాఫీగా కలిపే సింక్రోమెష్ ఫస్టు గేరుకి లేదు, బండి పూర్తిగా ఆగాక వెయ్యి, లేకపోతే గరగరమంటుంది. ఆగి ఉన్న బండికి స్టీరింగు తిప్పకు, కాస్త కదలనిచ్చి తిప్పు, లేకపోతే నీ భుజాలూ అరుగుతాయి, దాని జాయింట్లూ అరుగుతాయి. గంటకి అరవై దాటకు. హైవే మీద నీ ముందున్న కొత్తకారు ఆగినంత దూరంలో నువ్వు ఆగలేవు, ఖాళీ వదిలితే ఎవడో ఒకడు దూరతాడు, దూరనీ. అరకు నుంచి శృంగవరపుకోట వైపు అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు ఎక్కిన గేర్లోనే దిగు. డ్రమ్ము బ్రేకులు వరసగా తొక్కుతూ పోతే వేడెక్కి, ఒక దశలో పెడల్ గట్టిగానే ఉంటుంది కానీ బండి ఆగదు.

రోహిణి కార్తెలో మధ్యాహ్నం బయటికి తీయకపోవడమే మంచిది. తీస్తే, ఏదో సిగ్నల్ దగ్గర ఆగి మళ్లీ స్టార్టవ్వదు. ఇంజను పక్కనున్న పెట్రోలు పంపులో ఇంధనం ఆవిరైపోయి ఉంటుంది. కంగారుపడి సెల్ఫ్ కొట్టి బ్యాటరీ చంపుకోకు. బానెట్ ఎత్తి పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు నీడలో కూచో. రేడియేటర్ మూత మాత్రం వేడి మీద విప్పొద్దు. అందులో బోరు నీళ్లు పొయ్యకు, ఉప్పు పేరుకుని ట్యూబులు మూసుకుపోతాయి. కూలెంటు పోయించు.

నీ దగ్గర అంబాసిడర్ ఉందని తెలిశాక పెళ్లి ఊరేగింపుకి ఇవ్వమని అడగని చుట్టం ఉండడు. ఫ్యాను ఇంజనుతోనే తిరుగుతుంది కదా, బ్యాండు వెనక అడుగులో అడుగు వేస్తూ పోతే రేడియేటర్‌కి గాలి ఆడదు, క్లచ్చు కాలిపోతుంది. పెళ్లికొడుకుని దింపి రావడానికి ఇవ్వు, ఊరేగింపుకి ఇవ్వకు. కిరాయికి అసలే వద్దు, ప్రైవేటు బండికి అది చట్టప్రకారం కుదరదు.

ఇక కాగితాలు. కేంద్రం 2021లో వింటేజ్ బండ్లకి వేరే నిబంధనలు తెచ్చింది. మొదటిసారి రిజిస్టరై యాభై ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా ఉన్న సొంత బండ్లకి వర్తిస్తుంది. పదేళ్లకి ఇస్తారు, కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000, తర్వాత మళ్లీ చేయించుకోవడానికి 5,000 రూపాయలు. నంబరులో రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అని వస్తుంది. పాత నంబరు ఉన్నవాళ్లు అదే ఉంచుకోవచ్చు, నువ్వు ఉంచుకో. ఎన్టీఆర్ చైతన్యరథం షెవర్లే వ్యాను అని చాలామందికి తెలియదు గానీ, ఏబీఆర్ 7776 అంటే మా వయసువాళ్లకి ఇప్పటికీ గుర్తే. అయితే వింటేజ్ కింద చేయిస్తే ఎగ్జిబిషన్లకి, ర్యాలీలకి, రిపేరుకి, పెట్రోలుకి మాత్రమే రోడ్డెక్కాలి. ఆదివారం ఆదివారం పిల్లల్ని ఎక్కించుకుని భువనగిరి దాకా పోయి రావాలంటే మామూలు ఆర్‌సీని ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకునే దారే నీకు మంచిది. బండి ఆంధ్రాలో రిజిస్టరైంది కాబట్టి తెలంగాణకి మార్చుకోవడానికి ఎన్ఓసీ కావాలి. ఇంత పాత ఆర్‌సీ ఆన్‌లైన్లోకి ఎక్కిందో లేదో ముందు కనుక్కో. ఎక్కకపోతే ఆ పని అమ్మేవాడి చేతే చేయించి అప్పుడు డబ్బు ఇవ్వు. డబ్బు చేతిలో పడ్డాక ఆయన ఆర్టీఓ ఆఫీసు మెట్లెక్కడు.

వచ్చే శనివారం చూడ్డానికి వెళ్లేపనైతే ముందురోజే ఫోన్ చెయ్యి. నేను రైల్లో రాజమండ్రి వచ్చేస్తాను, ఇద్దరం కలిసి చూద్దాం. అన్నట్టు బట్టలు పాతవి వేసుకుని రా.

మీ మామయ్య