వెనక సీటులో అమ్మ

ప్రశ్న: మాది హనుమకొండ. నాకు 34 ఏళ్ళు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంకా పెళ్ళి కాలేదు. కాజీపేట లోకో షెడ్డులో పనిచేసి రిటైరైన నాన్న పోయిన ఏడాది గుండెపోటుతో చనిపోయారు. 62 ఏళ్ళ అమ్మ అక్కడ ఒక్కతే ఉంటోంది. తోడుగా ఒక నాటు కుక్క, ఒక పిల్లి ఉన్నాయి. కుక్కకు 11 ఏళ్ళు. పిల్లగా ఉన్నప్పుడు షెడ్డు దగ్గర దొరికితే నాన్న చొక్కాలో పెట్టుకొని తెచ్చి గార్డు అని పేరు పెట్టారు. సంక్రాంతికి అందరినీ కారు ఎక్కించుకొని బెంగళూరు బయలుదేరాను. జనగామ రాకముందే గార్డు సీటంతా వాంతి చేసుకుంది. పిల్లి ఎక్కిన క్షణం నుంచి అరుస్తూనే ఉంది. చిరాకులో "వీటిని ఎవరికైనా ఇచ్చేద్దామని ముందే చెప్పాను కదా" అన్నాను. దానికి అమ్మ "మీ నాన్న పోయినప్పటి నుంచి ఇది నాతో ఉంది. నువ్వు లేవు" అంది. భువనగిరి దగ్గర కారు వెనక్కి తిప్పేశాను. ఇల్లు చేరేదాకా ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. అప్పటి నుంచి ఫోనులో "తిన్నావా", "తిన్నాను", అంతే. మే నెలలో సెలవు దొరుకుతుంది, అప్పుడైనా తీసుకెళ్ళాలి. జంతువులను ఎక్కడైనా వదిలేసి అమ్మను విమానంలో తీసుకెళ్ళాలా? ఆమేమో బతుకమ్మ పండుగ అయ్యేదాకా కదలనంటోంది. అమ్మకు నాకంటే కుక్కే ఎక్కువైపోయిందా?

జవాబు: మీ లేఖ నాలుగు పేజీలు. ఇక్కడ కుదించి వేశాము. అసలు లేఖలో "తీసుకెళ్ళాలి" అన్న మాట పదకొండు చోట్ల ఉంది, పెన్సిలుతో గీతలు గీసి మరీ లెక్కపెట్టాను. "వస్తావా అని అమ్మను అడిగాను" అన్న వాక్యం కోసం కూడా వెతికాను. దొరకలేదు.

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, అది తేలితే తప్ప మిగతావి మీ చెవికి ఎక్కవు. లేదు, మీకంటే కుక్క ఎక్కువ కాదు. మీ అమ్మగారు తూకం వేయలేదు, జరిగింది చెప్పారు. పొద్దున లేవగానే ఇంట్లో కదిలే ప్రాణి ఒకటి ఉంది. తలుపు తీస్తే తోక ఊపింది. రాత్రి ఆమెకు నిద్ర పట్టకపోతే అదీ లేచి మంచం పక్కన కూర్చుంది. ఆ సమయంలో మీరు లేరు. ఉద్యోగం ఉంది కనుక లేరు, అందులో మీ తప్పేమీ లేదు. అయినా లేరన్నది నిజం. ఆ రోజు మీరేమని బదులిచ్చారో లేఖలో రాయలేదు. ఏదో అనే ఉంటారు, ఊరికే ఎవరూ కారు వెనక్కి తిప్పరు. ఆ మాటకు సరైన బదులు రెండే ముక్కలు: "అవునమ్మా, లేను." సమర్థన జోడించకుండా అంతవరకే చెప్పి ఆగడం కష్టం. ఇప్పుడైనా ఫోనులో చెప్పి చూడండి. "కానీ" అనే మాట నోటిదాకా వస్తుంది, మింగేయండి.

గార్డు విషయంలో ఇంకొకటి గమనించండి. దాన్ని చొక్కాలో పెట్టుకొని తెచ్చింది మీ నాన్నగారు. ఆయన వస్తువుల్లో ఊపిరి ఉన్నది అదొక్కటే. "ఎవరికైనా ఇచ్చేద్దాం" అన్నప్పుడు మీ దృష్టిలో ఉన్నది కుక్క. ఆమెకు వినిపించింది వేరు.

ఇక మే నెల సంగతి. వద్దు. రోహిణి కార్తె ఎండలో వరంగల్ నుంచి కర్నూలు మీదుగా ముసలి కుక్కతో 700 కిలోమీటర్లకు పైగా ప్రయాణం తెలివైన పని కాదు. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పుతూ ఒంట్లో వేడి తగ్గించుకోవాలి. మీరు టీ తాగడానికి దిగి కారు ఎండలో వదిలితే, పది నిమిషాల్లోనే లోపలి వేడి పది డిగ్రీల దాకా పెరుగుతుంది. అద్దం నాలుగు వేళ్ళు దించి ఉంచాం కదా అనుకుంటే అది పెద్ద తేడా చేయదు. మీ అమ్మగారు బతుకమ్మ దాకా ఆగమన్నది మొండితనమని మీరు రాశారు. నాకైతే ఈ మొత్తం వ్యవహారంలో ఆమె ఒక్కరే వాతావరణం చూసుకొని మాట్లాడినట్టుంది. పైగా ఇన్నేళ్ళు పద్మాక్షి గుట్ట దగ్గర వాడకట్టు ఆడవాళ్ళతో సద్దుల బతుకమ్మ ఆడిన మనిషి, ఊరు వదిలే ముందు ఒక్కసారి ఆడి వస్తానంటే కాదనడానికి మనమెవరం?

రైలు గురించి కూడా అడగబోయి ఆగినట్టున్నారు. ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మీ పేరన దొరికితే కుక్కను వెంట ఉంచుకోవచ్చు. లేకపోతే గార్డు పెట్టెలో ఉండే కుక్కల గూటిలో వేయాలి. గార్డు గార్డు పెట్టెలో వెళ్ళడం వింటే మీ నాన్నగారు నవ్వేవారేమో గానీ, రాత్రంతా ఆ చప్పుడులో ఒంటరిగా ముసలి కుక్క తట్టుకోలేదు. కారే నయం. అయితే సంక్రాంతికి చేసినట్టు కాదు.

అప్పుడేం జరిగిందో మీరే పూసగుచ్చినట్టు రాశారు. దారిలో ఆకలేస్తుందని తెల్లవారుజామున గార్డుకు గిన్నెడు పెరుగన్నం పెట్టారు. పిల్లిని పండ్ల అట్టపెట్టెలో పెట్టి పైన తాడు కట్టారు. కారులో మల్లెపూల వాసన వచ్చే సీసా ఒకటి వేలాడుతోంది. గార్డు అంతకుముందు కారు ఎక్కింది మూడే మూడుసార్లు, మూడుసార్లూ సూది వేయించడానికే. దాని లెక్కలో కారంటే సూది. ఇక అది జనగామ దరిదాపుల దాకా ఓర్చుకోవడమే గొప్ప.

బతుకమ్మకు ఇంకా నెలలు ఉన్నాయి. మీరు ఊరికి వచ్చిన ప్రతిసారీ ఇంటి ముందు కారు ఆపి, ఇంజను వేయకుండా, తలుపులు తీసిపెట్టి గార్డును వెనక సీటులో కూర్చోబెట్టండి. అమ్మ పక్కన కూర్చుంటారు. పది నిమిషాలు. ఏమీ జరగదు, దిగిపోతుంది. మరోసారి ఇంజను వేసి అదే పని. తరువాత వీధి చివరిదాకా, ఆ పైన భద్రకాళి చెరువు కట్ట దాకా. కట్ట మీద దింపి కాసేపు నడిపించండి, కారు ఎక్కితే సూది కాకుండా గాలీ చెట్లూ దొరుకుతాయని దానికి తెలియాలి. జనగామ దాకా వెళ్ళి వాంతి లేకుండా తిరిగి వచ్చిన రోజున మిగతా దారి గురించి ఆలోచించండి. బయలుదేరే ముందు రాత్రి మామూలుగా పెట్టి, పొద్దున ఖాళీ కడుపుతో ఎక్కించండి. నీళ్ళు మాత్రం కొద్దికొద్దిగా ఇస్తూ ఉండాలి. పశువైద్యుడికి ఒకసారి గుండె, కీళ్ళు చూపించి, వాంతికి మందు అవసరమో కాదో ఆయననే అడగండి. రేబిస్ టీకా కార్డు కూడా అప్పుడే సరిచూసుకోండి. మీ ఇంటి డబ్బాలోని మాత్రలు మాత్రం వద్దు. ముఖ్యంగా పిల్లికి. జ్వరానికి మనం మింగే పారాసెటమాల్ ఒక్క మాత్రే పిల్లి ప్రాణం తీయగలదు.

పిల్లికి గట్టి ప్లాస్టిక్ బోను కొనండి, గాలి ఆడేది. కొన్న రోజునే అందులోకి తోయకండి. తలుపు తీసి ఇంట్లో ఒక మూల పడేసి, లోపల అమ్మ పాత చీర ముక్క పరవండి, ఉతకనిది. అన్నం కూడా అందులోనే పెట్టమనండి. రెండు వారాల్లో అది తనంతట తాను వెళ్ళి పడుకుంటుంది. మా ఇంటి పిల్లి రెండో రోజే ఆక్రమించుకుంది, ఆ తరువాత దాన్ని బయటికి రప్పించడమే మాకు పని అయింది.

దారి ఒక్క రోజులో లాగేద్దామనుకోకండి. తెల్లవారకముందే బయలుదేరితే ఎండెక్కే వేళకు ఘట్‌కేసర్ చేరతారు. రింగు రోడ్డు మీద ఎక్కడంటే అక్కడ ఆపే వీలుండదు గనుక అక్కడే గార్డును దింపి నడిపించి, తరువాత ఎక్కండి. శంషాబాద్ దగ్గర దిగి జడ్చర్ల మీదుగా వెళితే కర్నూలు సుమారు సగం దారి. రాత్రి అక్కడ ఆగాలి. కుక్కను రానిస్తారో లేదో బసకు ముందే ఫోను చేసి కనుక్కోండి. రాత్రి ఎనిమిదింటికి లాడ్జి గుమ్మం ముందు అమ్మనూ కుక్కనూ నిలబెట్టి బేరమాడే పరిస్థితి రాకూడదు. రెండు గంటలకొకసారి ఆగండి, పట్టీ చేతికి చుట్టుకున్నాకే తలుపు తీయండి. పిల్లి బోను మాత్రం కారు బయట తెరవకండి, ఎంత అరిచినా. బెదిరిన పిల్లి హైవే పక్క పొదల్లోకి దూకితే మీరిద్దరూ జీవితాంతం ఆ చోటు మరచిపోలేరు.

ఇంతవరకూ జంతువుల సంగతి. మీరు ఒక మాట దాటేస్తూ రాశారు: "అమ్మ నాతో మాట్లాడలేదు, వెనక కూర్చొని కుక్కతోనే ఏదో చెబుతూ కూర్చుంది." ఏం చెప్పారో కూడా రెండు ముక్కలు రాశారు, దాని విలువ తెలియకుండానే. "ఒరేయ్ గార్డూ, మీ అన్నకు ఏసీ ఎక్కువ కావాలట, నీకు చలేస్తోందా?" "మీ అన్న పొద్దున ఏమీ తినలేదురా, ఆ సకినాలు అడుగుతాడేమో చూడు."

బాబూ, ఆ మాటలు కుక్కతో అన్నవి కావు. తనకు చలేస్తోంది. మీకు ఆకలేస్తోందేమోనని ఆమెకు దిగులు. నేరుగా అంటే విసుక్కుంటారని గార్డు మీదుగా పంపారు. మన ఇళ్ళలో ఇది కొత్తేమీ కాదు. కోడలితో మాటల్లేని అత్త మనవడితో అంటుంది, భర్త మీద అలిగిన భార్య గిన్నెలతో అంటుంది. మీ ఇంట్లో ఆ చాకిరీ కుక్క చేస్తోంది. దాన్ని ఎవరికైనా ఇచ్చేస్తే మీ ఇద్దరి మధ్య ప్రస్తుతం తెరిచి ఉన్న ఒక్క దారీ మూసుకుపోతుంది. ఈసారి ఆమె అలా అన్నప్పుడు మీరూ గార్డుకే జవాబు చెప్పండి. "ఒరేయ్, సకినాలు ముందుకు అందించమను." సిగ్గుగా ఉంటుంది. ఉండనివ్వండి.

సంక్రాంతి ప్రయాణంలో ఆమె వెనక, మీరు ముందు. అద్దె కారు డ్రైవరూ ప్రయాణికురాలిలాగా. ఈసారి గార్డుకు సీటు బెల్టుకు తగిలించే పట్టీ వేసి, పిల్లి బోను వెనక సీటు ముందు, కాళ్ళ దగ్గర కదలకుండా పెట్టి, పైన పలుచని బట్ట కప్పి, కనీసం సగం దారి అమ్మను మీ పక్కన కూర్చోబెట్టుకోండి. ఎదురెదురుగా కూర్చొని అనలేని మాటలు, ఇద్దరి చూపూ రోడ్డు మీద ఉన్నప్పుడు వాటంతటవే వస్తాయి. అలాగని ఇల్లు అమ్మడం, ఆమె పింఛను, మీ పెళ్ళి కారులో ఎత్తకండి. నచ్చకపోతే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయే వీలు ఆమెకు అక్కడ ఉండదు.

అసలు పని బయలుదేరక ముందే ఉంది. ఆమెను అడగాలి. "బెంగళూరు వచ్చి నాతో ఉంటావా? రెండు నెలలు ఉండి చూడు, నచ్చకపోతే నేనే మళ్ళీ ఇదే కారులో, వీటితో సహా దింపుతాను." ఈ రెండో వాక్యం ఊరికే అనకండి, నిజంగా దింపాల్సి రావచ్చు. హనుమకొండ ఇంటిని ఈలోపు అద్దెకు ఇవ్వకండి, సామాను కట్టించకండి. తాళంచెవి మీ దగ్గర ఒకటి ఉన్నా ఇంకొకటి ఆమె దగ్గరే ఉండాలి. "రాను" అంటారేమోనన్న భయంతోనే మీరు ఇన్నాళ్ళూ అడగలేదని నా అనుమానం. అంటే అననివ్వండి. అప్పుడు రెండు నెలలకొకసారి మీరు వచ్చే సంగతి, రాత్రి పూట తోడు సంగతి మాట్లాడుకోవచ్చు. కన్నవాళ్ళను తెచ్చి పక్కన పెట్టుకుంటే తప్ప మంచి కొడుకు కాదన్న లెక్క ఎవరు రాశారో నాకు తెలియదు.

వస్తానంటే మాత్రం, మీ అద్దె ఒప్పందంలో పెంపుడు జంతువుల గురించి ఏముందో ఇప్పుడే చదవండి, ఇంటి యజమానితో ముందే మాట్లాడండి. అపార్ట్‌మెంటు సంఘం వాళ్ళు కుక్కలు కుదరవంటే కంగారు పడకండి. నివాసుల సంఘాలు పెంపుడు జంతువులను నిషేధించకూడదనీ, లిఫ్టు ఎక్కనివ్వం అనకూడదనీ భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కాగితం చేతిలో ఉంచుకోండి. అయితే లిఫ్టులో గార్డు తడిపితే తుడవాల్సింది మీరే, అమ్మ కాదు. పిల్లిని మొదటి రెండు వారాలు ఒకే గదిలో ఉంచండి, బాల్కనీకి వల కొట్టించండి. పిల్లికి మనుషుల కంటే ముందు చోటు అలవాటు కావాలి.

పిల్లి దారిలో మళ్ళీ అరుస్తుంది. బోను మంచిదైనా, చీర ముక్క వేసినా, స్టేషన్ ఘన్‌పూర్ దాకానో జనగామ దాకానో అరిచే తీరుతుంది. కొన్ని పిల్లులు కర్నూలు దాకా కూడా అరుస్తాయి. మీ అమ్మగారు "మీ అన్నకు తలనొప్పిగా ఉందే, కాస్త ఆపవే" అని దానికి చెబుతారు. పాటల శబ్దం పెంచకుండా నడపండి.