నెట్ ఆపండి, ఆ కాగితం మాత్రం చూపించండి

‘ఎమర్జెన్సీలో ఫోన్లు, ఇంటర్నెట్ ఎప్పుడు ఆపాలన్న నియమాలు ప్రభుత్వం బయటపెట్టాలా? పెడితే అల్లరి మూకలకే లాభం కదా?’ అని అడిగారు. మాది కోనసీమండీ, ఈ ప్రశ్న మమ్మల్నే అడగాలి.

2022 మే 24న అమలాపురంలో జిల్లా పేరు మీద గొడవై, మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. మొబైల్ డేటా ఆపేశారు. ఆ రాత్రికి ఆపడం తప్పని నేననను. మళ్లీ ఎప్పుడిస్తారో చెప్పిన నాథుడు లేడు, అదీ నా బాధ. వారం దాటినా చాలా ఊళ్లలో అదే పరిస్థితి.

నాది అప్పుడు వర్క్ ఫ్రమ్ హోమ్. గౌతమికి అవతల యానాం. అది పుదుచ్చేరి కిందికి వస్తుంది కాబట్టి అక్కడ నెట్ మామూలే. ఇవతల ఎదుర్లంక వైపు గట్టు మీద కుర్రాళ్లందరం సిగ్నల్ కోసం లాప్‌టాప్‌లు పట్టుకుని తిరిగేవాళ్లం. మే ఎండకి స్క్రీన్ కనబడక నెత్తిన తువ్వాలు కప్పుకుని మీటింగులు! బెంగళూరులో మా మేనేజరు ‘నెట్ ఆపినట్టు ఆర్డర్ కాపీ పంపు, హెచ్‌ఆర్‌కి చూపించాలి’ అన్నాడు. సరేనని ఓ ఆఫీసుకెళ్లి అడిగితే అక్కడి గుమస్తా నవ్వి, ‘మాకూ వాట్సాప్‌లోనే వస్తాయండీ ఆర్డర్లు, అదిప్పుడు పనిచెయ్యట్లేదు కదా’ అన్నాడు. కాగితం దొరకలేదు, జీతం కోశారు. పక్క రాష్ట్రంలో ఉన్న మేనేజర్లకి కోనసీమంటే కొబ్బరిచెట్లూ సెలవులే లెండి, ఏం చెప్పినా నమ్మరు.

ఇలాంటి ఉత్తర్వులు ప్రచురించి తీరాలని సుప్రీంకోర్టు 2020 జనవరి 10నే, కశ్మీర్‌లో నెట్ ఆపడం మీద పత్రికా సంపాదకురాలు అనూరాధా భసీన్ వేసిన కేసులో చెప్పింది. ఒక్కో ఉత్తర్వు 15 రోజులు మించకూడదని అదే ఏడాది నవంబరులో రూల్ కూడా మార్చారు. అదంతా నాకు తర్వాత తెలిసింది. ముందే తెలిసుంటే ఆ గుమస్తాని అంత తేలిగ్గా వదిలేవాణ్ణి కాదు.

అమెరికాలోనూ ఇదే గోల. సెల్ సిగ్నల్ ఆపే పద్ధతిని అక్కడ ‘ఎస్ఓపీ 303’ అంటారు. చూపించమని ఒక సంస్థ కోర్టుకెళ్తే 2013లో కింది కోర్టు ఇవ్వమంది, 2015లో పై కోర్టు ప్రభుత్వం వైపు మొగ్గింది. భద్రత అన్న మాట వింటే ఎక్కడైనా జడ్జీలు మెత్తబడతారు.

ఇక అల్లరి మూకలంటారా, నెట్ పోయిందని వాళ్లకి ఆర్డర్ చదివితేగానీ తెలియదా? ఎవరు సంతకం పెట్టారు, కారణమేంటి, ఎప్పటిదాకా, ఎవరికి మినహాయింపు, ఇవేగా మేమడిగేది. లైన్ రిపేరని నాలుగు గంటలు కరెంటు తీసేస్తేనే ఏ ఫీడరో, ఎన్నింటి నుంచి ఎన్నింటిదాకానో ముందురోజు పేపర్లో వేస్తారు.

నియమం దాచిపెడితే దాన్ని ఎంతైనా సాగదీయొచ్చు. 2021లో రాజస్థాన్‌లో టీచర్ల అర్హత పరీక్షలో కాపీ కొడతారని నెట్ ఆపేశారు! స్లిప్పులు పెట్టడం అత్యవసర పరిస్థితని ఏ రూల్లో ఉందో నాకైతే చూపించమనండి.