జనవరిలో ఐస్‌లాండ్‌కి వెళ్లొచ్చా?

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో నేను, మావారు, మా అత్తయ్య ఆరు రోజులు ఐస్‌లాండ్ వెళ్దామనుకుంటున్నాం. కారు అద్దెకు తీసుకుని దేశమంతా చుట్టేద్దామంటున్నారు మావారు. పెద్ద జాకెట్లు కొనేశాం. ఇంకేం సర్దుకోవాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: జాకెట్ల సంగతి తర్వాత, ముందు మీవారి చేత ఆ ప్లాన్ మార్పించండి. దేశాన్ని చుట్టివచ్చే రింగ్ రోడ్డు దాదాపు 1,300 కిలోమీటర్లు. జనవరి మధ్యలో తెల్లారేసరికి పదకొండవుతుంది, సాయంత్రం నాలుగున్నరకల్లా సూర్యుడు దిగిపోతాడు, మిగతాదంతా చీకట్లో, మంచు గడ్డకట్టిన రోడ్డు మీద నడపాలి, పైగా తుపాను వస్తే రోడ్లు మూసేస్తారు. రాజధాని రేక్యవిక్‌లోనే బస పెట్టుకుని థింగ్‌వెల్లిర్ జాతీయ పార్కు, గీసిర్ వేడినీటి ఊటలు, గుల్‌ఫోస్ జలపాతం ఒక రోజు, దక్షిణాన వీక్ అనే ఊరి దాకా ఒక రోజు టూర్ బస్సులో వెళ్లండి. రెండు రోజులు ఖాళీగా ఉంచుకోండి, వాతావరణం ఎటూ తినేస్తుంది.

చలి గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. రేక్యవిక్‌లో జనవరి సగటు సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఏడిపించేది గాలి. వాన కూడా అడ్డంగా కొడుతుంది కాబట్టి గొడుగు ఇంట్లోనే వదిలేయండి. కారు తీసుకునే తీరాలంటే, కారు ముందుభాగం గాలికి ఎదురుగా ఉండేలా ఆపి, తలుపు అంచు గట్టిగా పట్టుకుని, ఒక్కొక్కరే దిగాలి. వదిలారో, గాలి తలుపును వెనక్కి విరిచేస్తుంది, ఆ నష్టం మామూలు ఇన్సూరెన్సులో చాలావరకు రాదు.

ఒంటికి ఆనుకుని ఉన్ని బనియన్, దాని మీద ఫ్లీస్ (మెత్తటి వెచ్చని పైచొక్కా), పైన గాలీ నీరూ చొరనిది. కాటన్, జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు. అత్తయ్యగారి బూట్లకి తొడిగే ఇనుప ముళ్ల పట్టీలు తప్పకుండా కొనండి, పేవ్‌మెంట్ల మీద అడుగు జారితే ట్రిప్పంతా ఆసుపత్రిలోనే.

వీక్ దగ్గర రేనిస్‌ఫ్యారా నల్ల ఇసుక తీరంలో మాత్రం ఫొటోల కోసం సముద్రానికి వీపు పెట్టొద్దు. ప్రశాంతంగా కనిపిస్తూనే ఉన్నట్టుండి ఒక పెద్ద అల చాలా లోపలిదాకా వచ్చి మనుషుల్ని లాగేస్తుంది, ప్రాణాలు పోయాయి అక్కడ.

హోటల్ తిండి ఖరీదు మండిపోతుంది, వంటగది ఉన్న బస చూసుకోండి. చన్నీళ్లు కుళాయి నుంచి నేరుగా తాగొచ్చు, సీసాలు కొనక్కర్లేదు. వేడినీళ్లు కుళ్లిన గుడ్డు వాసన వస్తే కంగారుపడకండి, భూమిలోంచి వచ్చే నీళ్లు, గంధకం వాసనది. స్నానానికి ఏం ఫర్వాలేదు.

రోజూ పొద్దున్నే అక్కడి వాతావరణ శాఖ హెచ్చరిక రంగు చూడండి: పసుపైతే జాగ్రత్త, నారింజో ఎరుపో అయితే గదిలోనే. అత్యవసరానికి 112. చాలా ఐరోపా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా కావాలి, అపాయింట్‌మెంట్లు త్వరగా నిండిపోతాయి, దసరాలోపే అప్లై చేసేయండి, హోటళ్లు క్యాన్సిల్ చేస్తే డబ్బు తిరిగొచ్చేవే బుక్ చేయండి.