బంగారం ఎర్రబడే దాకా ఆగు

చిరంజీవి అమ్ములుకు,

పెదనాన్న ఆశీస్సులు. ల్యాబులో చేరి మూడు వారాలైనా బంగారు నానో కణాల ద్రావణం బూడిద రంగులోనే వస్తోందనీ, అడుగున నల్లటి మడ్డి దిగుతోందనీ రాశావు. కెమికల్స్ మంచివి కావేమోనని నీ అనుమానం. నా అనుమానం గాజు సామాను మీద.

ఫ్లాస్కును ఆక్వా రీజియాతో కడిగావా? సబ్బుతో తోమితే మెరుస్తుందే గానీ, పాత బంగారం గోడను పట్టుకునే ఉంటుంది. కొత్త బంగారం వెళ్ళి దాని మీదే పేరుకుంటుంది. మూడు పాళ్ళ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఒక పాలు నైట్రిక్ ఆమ్లం కలుపు, అదే ఆక్వా రీజియా. పొగలు బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనే, తొడుగులూ కళ్ళద్దాలూ పెట్టుకునే. మిగిలిందాన్ని సీసాలో పోసి మూత బిగించావో, గ్యాసు పుట్టి పగులుతుంది. అసిటోన్‌ను ఆ ఛాయలకు రానివ్వకు. స్టిర్రర్‌లో వేసే బిళ్ళనూ అలాగే కడుగు. గీతలు పడ్డదైతే పారేయ్. గోల్డ్ క్లోరైడ్‌ను స్టీలు చెంచాతో తీయకు. నేను తీశాను. చెంచా నల్లబడింది, తూకం తప్పింది, అదీ మా గైడు ఎదురుగానే!

ఒక మిల్లీమోలార్ గోల్డ్ క్లోరైడ్ 20 మిల్లీలీటర్లు తెర్లుతూ ఉండగా, ఒక శాతం సోడియం సిట్రేట్ 2 మిల్లీలీటర్లు ఒక్కసారిగా పోయి. 1951 నుంచీ వస్తున్న టర్కెవిచ్ పద్ధతి ఇది. పసుపు విరిగిపోతుంది, నల్లనీలం వస్తుంది, ఊదా అవుతుంది, చివరికి దానిమ్మ రసం. పది నిమిషాలు పడుతుంది. నల్లనీలం చూసి చెడిపోయిందని హాట్ ప్లేట్ కట్టేసేవాళ్ళను చాలామందిని చూశాను. నువ్వూ అక్కడే ఆపేస్తున్నావేమో చూసుకో.

ఎరుపు ఎందుకంటావా? నీళ్ళ బిందె చంకనెత్తుకుని నడిచినప్పుడు ఒకానొక నడకకే నీళ్ళు ఎగిరెగిరి పైట తడుపుతాయి. ఇంకాస్త నిదానంగా నడిచినా, వడిగా నడిచినా అంత చిందవు. 13 నానోమీటర్ల బంగారు కణంలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు ఆ నీళ్ళు. 520 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరి ఆకుపచ్చ కాంతి ఆ నడక. దాన్ని కణం మింగేస్తే మనకు ఎరుపు మిగులుతుంది. వెండికి ఆ నడక 400 నానోమీటర్ల నీలి ఊదా కాంతి దగ్గర, అందుకే వెండి ద్రావణం పసుపు. కంసాలికి చెబితే నవ్వుతాడు, బంగారం ఎరుపా, వెండి పసుపా అని!

కణాలను కొలిచే యంత్రం దగ్గరికి పరుగెత్తేముందు కాస్త ద్రావణం విడిగా తీసి చిటికెడు ఉప్పు వెయ్యి. సిట్రేట్ ఇచ్చిన రుణావేశంతో కణాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఉంటాయి. ఉప్పు ఆ నెట్టుడును అణిచేస్తుంది. కణాలు గుంపుకట్టి, ఒకదాని ఎలక్ట్రాన్ల ఊపు పక్కదానికి తగులుతుంది. మింగే కాంతి ఎరుపు వైపు జరిగి, ద్రావణం నేరేడు నీళ్ళలా నీలమౌతుంది. ఫారడే 1850లలోనే ఈ మార్పు చూశాడు. అప్పటికి ఎలక్ట్రాన్ అనే మాటే లేదు.

ఆ గుంపును చెత్త అనుకోకు. కణాల మధ్య ఇరుకు సందుల్లో కాంతి క్షేత్రం విపరీతంగా పెరుగుతుంది. 1974లో ఫ్లీష్‌మన్ బృందం గరుకు వెండి మీద పిరిడిన్ అనే రసాయనపు రామన్ సంకేతం (అణువులు చెదరగొట్టిన కాంతిలో రంగు మారి వచ్చే భాగం) బలంగా రావడం చూసి, ఉపరితలం పెరిగింది గనక అనుకున్నారు. 1977లో వాన్ డైన్ వాళ్ళు లెక్కకట్టి, అది దాదాపు లక్ష రెట్లనీ, ఉపరితలం పెరగడం ఒక్కటే అంత పెంచలేదనీ చూపించారు. నీ గైడు ఇచ్చిన సెన్సరు పని నడిచేది ఆ సందుల మీదే.

మంచి ద్రావణాన్ని ఫ్రిజ్‌లో పెట్టు, ఫ్రీజర్‌లో కాదు. గడ్డకడితే కణాలు అతుక్కుపోతాయి. ఈసారి ఉప్పు వేసిందీ వేయందీ పక్కపక్కన కిటికీ దగ్గర పెట్టి ఫోటో తీసి పంపు.

పెదనాన్న