ఆదివారం వాక్యం, సోమవారం కాటా

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. రెండేళ్ళ క్రితం బాప్తిస్మం తీసుకున్నావు. నరసన్నపేటలో బట్టల షాపులో పని. ఆదివారం చర్చిలో మనసు తేలికగా ఉంటుంది, సోమవారం షాపు తెరవగానే మరమగ్గం బట్టని పొందూరు ఖాదీ అని చెప్పి అమ్మాలి. ఇంటికెళ్తే అమ్మ ప్రసాదం పెడుతుంది, తినాలో వద్దో తెలియదు. "రోజూ క్రైస్తవుడిలా బతకడమంటే అసలేం చెయ్యాలి?" అని అడిగావు. వాక్యం ప్రకారం చెప్పడానికి నాకంటే మీ పాస్టరుగారు నయం. నేను పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో కాటా దగ్గర గుమస్తాని. నాకు జరిగింది చెబుతాను.

మా దగ్గర పప్పు పొట్టు తీసే ఆడవాళ్ళకి కూలి కేజీ లెక్కన. తీసిన పప్పు ప్లాస్టిక్ టబ్బులో తెచ్చి కాటా మీద పెడతారు. వచ్చిన బరువులోంచి టబ్బు బరువు తీసేసి నేను పుస్తకంలో రాస్తాను. టబ్బుకి అరకేజీ తియ్యడం నేను చేరకముందు నుంచీ ఉన్న లెక్క. నిజానికి టబ్బు 420 గ్రాములే. ఆ సంగతి నాకు తెలుసు. చేరిన మొదటి నెలలోనే ఖాళీ టబ్బు పెట్టి చూశాను. చూసి ఊరుకున్నాను. ఆ డబ్బు నా జేబులోకి రావడం లేదు కదా అనుకున్నాను. అప్పట్లో నా పాపాల జాబితాలో సినిమాలూ, బీడీ ఉండేవి. టబ్బు లేదు.

ఒక ఆదివారం చర్చిలో వాక్యం చదివే వంతు నాకొచ్చింది. బైబిల్లోని సామెతల గ్రంథం, 11వ అధ్యాయం. మొదటి వచనమే దొంగత్రాసు గురించి. గొంతు సవరించుకుని గట్టిగా చదివాను. మర్నాడు మధ్యాహ్నం మా సంఘంలోని ఒక పెద్దావిడ టబ్బు కాటా మీద పెట్టి, నా వైపు చూడకుండానే అంది: "నిన్న దొంగతాసని సదివినావు గదా బాబూ, మరి ఈ టబ్బు అరకేజీ ఉంటాదేటి?"

వెనకున్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వేసి, అరకేజీ తీసేసే రాశాను. చెయ్యి అలా అలవాటు పడిపోయింది.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. మనిషికి రోజుకి రెండు తూకాలు, తూకానికి 80 గ్రాములు, నెలకి 25 రోజులు. నాలుగు కేజీలు. మా దగ్గర నలభై మంది, అంటే 160 కేజీలు. పలాసలో జీడిపిక్కల బస్తా 80 కేజీలు. నెలనెలా రెండు బస్తాల బరువు పప్పుకి కూలి ఎగ్గొట్టిన పుస్తకం నా చేతిరాతలో ఉంది. పొట్టు తియ్యడం తేలికేమీ కాదు. విరక్కుండా తియ్యాలి. గుండుపప్పుకి ఉండే ధర బద్దకి రాదు, విరిగిందంటే మాట పడేదీ వాళ్ళే.

మత్తయి 5వ అధ్యాయంలో యేసుప్రభువు చెప్పిన మాట నీకూ తెలిసే ఉంటుంది. అర్పణ తెచ్చిన మనిషికి బలిపీఠం దగ్గర ఏదో గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలేసి ముందు వెళ్ళి సమాధానపడాలి. చిన్నప్పట్నుంచీ వింటున్నదే. నాకు ఎవరి మీద కోపముంటే వాళ్ళని క్షమించాలన్నమాట అనుకునేవాణ్ణి. ఆ రాత్రి సరిగ్గా చదివితే అక్కడున్నది నా కోపం కాదు. అవతలివాళ్ళకి నా మీద ఉన్నది.

మర్నాడు లైన్లో అందరి ముందూ చెప్పాను, టబ్బు 420 గ్రాములేనని, నాకు ముందు నుంచీ తెలుసని. సినిమాల్లోలాగా ఎవరూ కళ్ళు తుడుచుకోలేదు. ఒకావిడ తిట్టింది. ఇద్దరు చాలా రోజులు నాతో మాట్లాడలేదు. బైబిల్లో పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు గానీ ఏళ్ళ లెక్క నలభై మందికి తిరిగివ్వడం నా జీతంతో అయ్యే పని కాదు. ఆ అప్పు అలాగే ఉంది. ఇప్పటికీ ఒకామె ప్రతిరోజూ ఖాళీ టబ్బు ముందు పెట్టించి అంకె చూశాకే పప్పు పోస్తుంది. చూసుకోనీ.

ఇంకో సంగతి. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి నీకు చెప్పక్కర్లేదు. మా పక్కింటాయనకి డయాలసిస్. ఒకప్పుడు మా వాళ్ళు విశాఖలో పెద్దాసుపత్రి కేజీహెచ్ దాకా పోయేవారు. 2023 డిసెంబరులో పలాసలోనే 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచాక ఆ ప్రయాణాల బాధ తగ్గింది. ఆయన కొడుకు హైదరాబాదులో ఉంటాడు కాబట్టి బండి మీద నేను దింపుతాను. మొదటిసారి ప్రేమ పొంగి కొబ్బరి బొండాం పట్టుకెళ్ళాను. నర్సమ్మ నన్ను వార్డు బయటికి పిలిచి కడిగేసింది. బొండాంలో పొటాషియం ఎక్కువ, కిడ్నీలు పాడైనవాళ్ళు దాన్ని బయటికి పంపలేరు, గుండెకే ప్రమాదం. కొబ్బరితోటల మధ్య పుట్టి పెరిగినవాడికి అది తెలియదు! అప్పట్నుంచి ఏమీ పట్టుకెళ్ళను. ముందు అడుగుతాను.

డయాలసిస్ మిషన్ మొదలు పడితే నాలుగు గంటలు. తితిలీ తుఫానులో పోయిన తోటల గురించి మాట్లాడుకుంటాం, ఎక్కువసార్లు ఇద్దరం కునుకు తీస్తాం. ఆయన ఫోను మీద వెంకన్న బొమ్మ ఉంటుంది. నేను కరపత్రం ఇవ్వలేదు. అలా పడుకున్న మనిషికి లేచి వెళ్ళిపోయే వీలుండదు, అలాంటప్పుడు మతం మాట్లాడడం నాకు న్యాయంగా తోచలేదు. దీనికి మా సంఘంలో ఒకరిద్దరు నాతో ఒప్పుకోరు. రెండు మూడుసార్లు వంతు ఆదివారం పడితే ఆరాధనకి వెళ్ళలేదు, దానికీ మాట వచ్చింది.

మా తాతకి శుక్లాలు తీసింది సోంపేట ఆరోగ్యవరం మిషన్ ఆసుపత్రిలో. అక్కడ కెనడా నుంచి వచ్చిన డాక్టర్ బెన్ గలిసన్ పని చేసేవారు. కళ్ళ జబ్బులవాళ్ళ కోసం ఆయన చేస్తున్న పనికి సాయంగానే 1963లో కెనడాలో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ పుట్టింది. తాతకి అక్కడ విన్న ప్రసంగాలేవీ గుర్తులేవు. కట్టు విప్పినప్పుడు కనబడిన చీర అంచు రంగు మాత్రం పోయేదాకా చెప్పాడు.

ప్రసాదం సంగతి రెండు మాటల్లో. మొదటి కొరింథీ 8, 10 అధ్యాయాలు కలిపి చదువు. పౌలుగారు ఈ ప్రశ్నకి ఒక్క ముక్కలో తినమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఎదుటివాళ్ళ మనస్సాక్షి చూడమన్నారు. మా ఇంట్లో నేను పక్కింటి పులిహోర తింటాను, నా భార్య తినదు, దాని మీద మాకు గొడవ లేదు. నువ్వు తినకపోతే అమ్మ చేతిలోంచి తీసుకుని, "తర్వాత చెబుతానమ్మా" అని పక్కన కూర్చుని మాట్లాడు. ముఖం తిప్పుకుని లేచిపోవద్దు. ఊరి సంబరం చందా అడిగితే నేను మంచినీళ్ళ ఖర్చుకి ఇస్తాను. ఎవరూ కాదనలేదు.

ఇక నీ షాపు. ఉద్యోగం మానెయ్యమని నేను చెప్పను, ఇంటి అద్దె కట్టేది నేను కాదు. కానీ ఖాదీ అంటే ఏమిటో నీకు తెలుసు. పొందూరులో వాలుగ చేప దవడతో దూది దువ్వి, ఆడవాళ్ళు చరఖా మీద సన్నగా నూలు తీస్తారు. మరమగ్గం బట్టకి ఆ పేరు పెడితే మోసపోయేది కొన్నవాడొక్కడే కాదు, ఆ వడికినామె కూడా. కొనేవాడికి "ఇది మరమగ్గం బట్టండీ, ధర తక్కువ, ఉతుక్కి ఆగుతుంది" అని చెప్పి చూడు. నాలుగు రోజులు అమ్మకాలు రాసుకో. ఆ కాగితం పట్టుకుని ఓనరు దగ్గరికి వెళ్ళు.

వాక్యం మాత్రం ఎత్తకు. నేను మా ఓనరు దగ్గర మొదటిసారి సామెతలు 11 ఎత్తాను. ఇరవై నిమిషాలు మతాల మీద వాదన నడిచింది, టబ్బు సంగతి పక్కకి పోయింది. రెండోసారి ఏమీ మాట్లాడకుండా ఖాళీ టబ్బు ఆయన బల్ల మీది కాటా మీద పెట్టాను. సీజన్లో పనివాళ్ళు దొరకని రోజులు అవి. అంకె చూసి, "సరే, రేపట్నుంచి ఎంతుంటే అంతే తియ్యి" అన్నాడు.