పొలంలో ఒంటరి ఇల్లు: ఆత్మరక్షణ హక్కు ఎంతవరకు?

ప్రశ్న: మా ఇల్లు ఊరికి దూరంగా పొలంలో ఉంది. పోలీసులు రావడానికి చాలా సమయం పడుతుంది. రాత్రివేళ దొంగలు తలుపు పగలగొడితే ఎదురు దాడి చేయవచ్చా? ప్రహరీకి కరెంటు తీగ పెట్టుకోవచ్చా?

జవాబు: పాత ఐపీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నేర చట్టం భారతీయ న్యాయ సంహితలోని 34 నుంచి 44 వరకు గల సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును వివరిస్తాయి. మీ ప్రాణాన్నీ ఆస్తినీ మాత్రమే కాదు, పొరుగువారి ప్రాణాన్నీ ఆస్తినీ కాపాడే హక్కు కూడా మీకుంది. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు ఇంటిని పగలగొట్టి చొరబడిన సందర్భంలో, అత్యవసరమైతే ఆ హక్కు దుండగుడి ప్రాణం తీయడం వరకూ వెళ్తుందని 41వ సెక్షన్ చెబుతోంది. అయితే రక్షణకు అవసరమైనంత మేరకే బలం వాడాలని, అధికారుల సాయం పొందే వ్యవధి ఉంటే ఈ హక్కు వర్తించదని 37వ సెక్షన్ స్పష్టంగా హద్దు గీసింది. పోలీసులు దూరంగా ఉన్నారన్న వాస్తవం మీకు అనుకూలమే గానీ, దొరికిపోయిన దొంగను కట్టేసి కొట్టడానికి అది సాకు కాదు; అలాంటి దెబ్బలకు మనిషి చనిపోతే కొట్టినవాళ్లే హత్య కేసులో నిందితులవుతారు.

కరెంటు తీగ మాత్రం దయచేసి వద్దు. దానికి దొంగ ఎవరో, దారితప్పి వచ్చిన పిల్లవాడు ఎవరో తెలియదు. ప్రాణం పోతే క్రిమినల్ కేసు తప్పదు. గట్టి గడియ, ఆరుబయట దీపం, పొరుగువారి ఫోన్ నంబర్లు సిద్ధంగా ఉంచుకోండి. అలికిడి వినగానే 112కు ఫోన్ చేయండి. ఆ ఫోన్ చేసిన సమయం, మీరు ముందుగా సాయం కోరారనడానికి తర్వాత కోర్టులో ఆధారంగా పనికొస్తుంది.