పాత ఇంటి పెరట్లో నాణేలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: తాతల నాటి మండువా లోగిలి కూలగొట్టి కొత్త ఇల్లు కట్టుకోబోతున్నాం. ఈలోగా మెటల్ డిటెక్టర్ అద్దెకు తెచ్చి పెరడంతా తిప్పాం. మేకులు, తలుపు బందులు తప్ప ఏమీ రాలేదు. ఎక్కడ పొరపాటు జరిగింది? (ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి)

జవాబు: పెంకుటింటి చుట్టూ వాసాల మేకులు నేలలో కలిసిపోయి ఉంటాయి. వాటి గోల భరించలేక చాలామంది ఇనుమును వదిలేసే మీటను పూర్తిగా తిప్పేస్తారు. అక్కడే దెబ్బ తింటారు. మేకు పక్కనే నాణెం ఉంటే రెండింటి సంకేతాలూ కలిసిపోతాయి, యంత్రం మేకుతో పాటు నాణేన్నీ వదిలేస్తుంది. ఆ మీట తక్కువలోనే ఉంచండి. నేల మీద తిప్పే పెద్ద చుట్ట (కాయిల్) తీసేసి 5, 6 అంగుళాల చిన్న చుట్ట బిగించండి, దాని కిందకు ఒకేసారి ఎక్కువ మేకులు రావు. నేలకు వేలెడు ఎత్తులో, నెమ్మదిగా తిప్పండి. మోత వినిపించిన చోట పక్కకు తిరిగి అడ్డంగా మరోసారి తిప్పండి. నాణెమైతే రెండు వైపుల నుంచీ ఒకేలా మోగుతుంది, మేకైతే ఒక వైపు తెగిపోతుంది.

కాలిన పెంకులు, ఇటుక ముక్కలు, ఎర్రమట్టి కూడా అబద్ధపు మోత మోగిస్తాయి. పని మొదలుపెట్టే ముందు ఏ లోహమూ లేని చోట చుట్టను పైకీ కిందకీ ఆడిస్తూ యంత్రాన్ని ఆ మట్టికి సరిచేయండి. అయినా వాగుతుంటే సున్నితత్వం కొంచెం తగ్గించండి. మామూలు యంత్రానికి రూపాయంత నాణెం జానెడు లోతు వరకే నమ్మకంగా తెలుస్తుంది. ఒంటి నాణేన్ని పది అడుగుల లోతులో చూపిస్తామనే ప్రకటనలు నమ్మకండి.

పెరడంతా తిరిగే ముందు చూరు నీళ్లు పడే గీత, అరుగు ముందు, నూతి గట్టు, తులసికోట చుట్టూ వెతకండి. మనుషులు కూర్చుని లేచిన చోట, వంగిన చోట నాణేలు జారతాయి. ముఖ్యంగా గడపలు. ద్వారబంధం నిలబెట్టేటప్పుడు నవధాన్యాలతో పాటు నాణెం వేసే ఆచారం మనకుంది. గడపల్ని జేసీబీకి వదలకుండా చేత్తో ఎత్తించండి. తవ్వేటప్పుడు మోత వచ్చిన చోట బొరిగె దించకండి, జానెడు ఎడంగా దించి మట్టిని గడ్డగా లేపండి. గునపం గీత పడిన నాణేన్ని మళ్లీ బాగు చేయలేం. పాత కరెంటు తీగ ఏ దారిన పోయిందో తవ్వకముందే కనుక్కోండి.

ప్రశ్న: చార్మినార్ బొమ్మ ఉన్న వెండి నాణెం దొరికింది. దాని మీది సంవత్సరం 1330 అని మాస్టారు చదివి చెప్పారు. అంత పాతదా? (ఒక పాఠకురాలు, జనగామ)

జవాబు: అది హిజ్రీ సంవత్సరం. దాన్ని 0.97తో గుణించి 622 కలిపితే సుమారుగా క్రీస్తు శకం వస్తుంది. మీది 1911-12 నాటిది. చార్మినార్ బొమ్మలో ద్వారం మధ్య ఉన్న అరబ్బీ అక్షరం చూడండి: 'మీమ్' (م) అయితే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్, 'ఐన్' (ع) అయితే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ నాటిది. అంకెలు మీరే చదవాలంటే ఒక్కటి గుర్తుంచుకోండి: ఆ లిపిలో చుక్క సున్నా, మన సున్నాలా కనిపించేది అయిదు. తూకం కూడా చూడండి. హాలీ సిక్కా (నిజాం సొంత నాణేలు) రూపాయి దాదాపు 11.2 గ్రాములు, బ్రిటిష్ రూపాయి 11.66 గ్రాములు.

ప్రశ్న: కుండలో నాణేలు దొరికితే మా స్థలమే కదా, ఉంచుకోవచ్చా?

జవాబు: చెప్పకుండా ఉంచుకోకూడదు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలో దాగి, పది రూపాయలకు మించిన విలువ గల ఏ వస్తువు దొరికినా ఏం దొరికింది, ఎంత, ఎక్కడ, ఏ రోజు అన్నది జిల్లా కలెక్టరుకు రాసి ఇవ్వాలి. దాచిపెడితే ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కుండ కనిపించగానే తవ్వకం ఆపండి. దాన్ని కదిలించకుండా పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. కుండ ఆకారం, నాణేలు పేర్చిన వరుస, కింది మట్టి రంగు అన్నీ వాటి కాలాన్ని చెబుతాయి. పైకి తీసి గుమ్మరిస్తే ఆ ఆధారమంతా పోతుంది. ప్రభుత్వ రక్షణలోని చారిత్రక కట్టడానికి 100 మీటర్ల లోపలి నిషిద్ధ పరిధిలో మీ ఇల్లుంటే పురావస్తు శాఖను అడగకుండా పునాది తవ్వకమే మొదలుపెట్టకండి.

ప్రశ్న: రాగి నాణేలు చింతపండుతో తోమాను, తళతళలాడాయి. కొనేవాళ్లు మాత్రం ముట్టుకోవడం లేదు. ఎందుకు?

జవాబు: బిందె తోమినట్టు నాణెం తోమకూడదు. గట్టిగా, సమంగా పట్టిన చిలుము నాణేనికి కవచం. పులుపు దాన్ని కరిగించి అక్షరాల అంచుల్ని తినేస్తుంది. ఉప్పు కూడా కలిపితే క్లోరైడు చేరి, తర్వాత పొడిపొడిగా లేత ఆకుపచ్చ మచ్చలు లేస్తాయి. అవి తేమలో పెరుగుతూ నాణేన్ని తొలిచేస్తాయి. తోమినవాటికి ఇక చేసేదేమీ లేదు, మిగతావాటిని కాపాడుకోండి. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి రోజుకొకసారి నీళ్లు మార్చండి. మట్టి మెత్తబడ్డాక వెదురు పుల్లతో తీసి, నూలు గుడ్డతో అద్ది, నీడలో ఆరబెట్టండి. మచ్చలున్న నాణేన్ని విడిగా, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లంతో ఉంచండి. ఒక్కోదాన్ని ఒక్కో కాగితపు కవరులో వేసి, దొరికిన చోటు, లోతు, తేదీ ముందుగానే కవరు మీద రాయండి. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లు మాత్రం వద్దు, కొన్నేళ్లకు వాటి నుంచి ఆమ్లం ఊరి నాణెం మీద పచ్చటి జిగురు పడుతుంది.